కాటుక పెట్టుకోకుండా వెళ్ళిన రోజు

తొంభైల చివరి మాట. మాది కొవ్వూరు. పెళ్ళయి చాలా ఏళ్ళయినా డాక్టరు ముందు నా జబ్బు మావారే చెప్పేవారు. ఒంట్లో బాగాలేక మొదటిసారి రాజమండ్రి వెళ్ళినప్పుడు పట్టుచీర కట్టి, పౌడరు రాసి, కాటుక దిద్దుకున్నాను. గోళ్ళకు గోరింటాకు ఎర్రగా పండి ఉంది. "కాస్త నీరసమండి" అన్నారాయన. డాక్టరుగారు టానిక్కు రాసి పంపేశారు.

నెల తిరక్కుండానే పెరట్లో కళ్ళు తిరిగి పడ్డాను. ఇక ఊరుకోకూడదనుకున్నాను. వారం పాటు వంట చేస్తున్నంతసేపూ, డాక్టరుకు చెప్పాల్సిన మాటలు సిగ్గు పోయేదాకా పైకే అనుకున్నాను. ఈసారి పాలిపోయిన ముఖం ఉన్నదున్నట్టు కనబడాలని కాటుక, పౌడరు మానేసి నేతచీరతో బయల్దేరాను. గోళ్ళ ఎరుపును మాత్రం ఏమీ చేయలేకపోయాను.

డాక్టరుగారి గదిలో మావారు మళ్ళీ "నీరసం..." అంటుండగానే, "మీరాగండి, నేను చెప్తాను" అన్నాను. తెర అవతల వరసలో కూర్చున్నవాళ్ళకు వినబడుతుందని తెలుసు. అయినా ఆగలేదు. "నెలసరి మొదలై పది రోజులు దాటినా రక్తం ఆగట్లేదండి. గడ్డలుగా పడుతోంది. బిందె ఎత్తితే ఆయాసమొస్తోంది."

డాక్టరుగారు నా కనురెప్ప కిందికి లాగి చూశారు. "ఒంట్లో రక్తమే లేదు కదమ్మా! ఈ సంగతి అప్పుడే చెప్పాల్సింది" అని పరీక్షలు రాశారు. గర్భసంచిలో కణితి బయటపడింది. ఆపరేషనయ్యాక కోలుకున్నాను.

అయినా నేను నోరు విప్పిన ఆ రోజనగానే నాకు గుర్తొచ్చేది తిరుగు బస్సే. వంతెన మీదికి వచ్చాక మావారు నెమ్మదిగా, "నాతోనైనా అనలేదేంటి?" అన్నారు.

"ఎలా చెప్పాలో ఈ వారమే నేర్చుకున్నానండి" అన్నాను.