నీళ్ళ తొట్టికి పదడుగులు

మలయాలో సుంగై సిపుట్ దగ్గర మా రబ్బరు తోటలో అగ్గి ఆర్పే దళం పెట్టింది, అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులు పక్క తోట కాపలాదారుని చెట్టుకు కట్టి నరికి, అక్కడి పొగ ఇంటికి నిప్పు పెట్టిన వారంలోనే. తెల్లదొరల సర్కారు ఆ అడవివాళ్ళ మీద ఎమర్జెన్సీ పెట్టిన కొత్త. రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగ ఇల్లు కాలిపోతే తోట మూతబడుతుంది, మా పొయ్యిలో పిల్లి లేవదు. అందుకని దొర చేత్తో కొట్టే పంపు ఒకటి తెప్పించి, మగవాళ్ళని పోగేసి, జీతం లేని ఉద్యోగం ఒకటి అంటగట్టాడు. దళానికి పెద్ద మా మామ, నా మొగుడి తండ్రి.

ఆదివారం పొద్దున్నే, కసరత్తుకి రమ్మని చెట్టుకి వేలాడదీసిన రైలు పట్టా ముక్క ఖణేల్మని మోగేది. పేరుకు మగవాళ్ళ దళమే గానీ బకెట్లు మోసి చచ్చింది మేం ఆడవాళ్ళం. మామకి మాట కంటే కేక ముందు. పంపు వచ్చేదాకా గుడ్లప్పగించి చూడొద్దు, చేతిలో ఏది ఉంటే అది పొయ్యండి అని మాకు నూరిపోశాడు. నా మొగుడిది పొగ ఇంట్లో పని. అంటుకున్న వెంటనే లోపలికి దూరి, మంటకి గాలి అందకుండా గాలి తలుపులు మూసి రావడం అతని వంతు.

మొదటి ఏడాది మేం ఆర్పింది తక్కువ, శవాలు మోసింది ఎక్కువ. మలుపులో లారీ కాలుతోందంటే పరుగెత్తాం. డ్రైవరు స్టీరింగు పట్టుకునే మాడిపోయి ఉన్నాడు, వేళ్ళు విడదీయడానికి ముగ్గురు పట్టారు. ఇంకోసారి కూలీల పాకల దగ్గర నీళ్ళు అందిస్తుంటే అడవిలోంచి తుపాకులు పేలాయి. నా పక్కన బకెట్ అందుకుంటున్న ఆవిడ దవడ ఎగిరిపోయింది. బకెట్లో నీళ్ళు ఎర్రబడ్డాయి. అవే పొయ్యమని మామ కేకేశాడు. పోశాను.

ఆ తర్వాతి ఏడు మా వంతు వచ్చింది. పట్టపగలు, రబ్బరు పాలు తూచే వేళ. రెండు బకెట్ల పాలు కావిడి మీద మోసుకుని అప్పుడే వస్తున్నాను. అడవివాళ్ళు ఏడెనిమిది మంది తుపాకులతో వచ్చి, గుమాస్తాని వాకిట్లోకి ఈడ్చి, మా అందరి కళ్ళ ముందే తల మీద కాల్చారు. ఆయన మెదడు తూకం పళ్ళెంలో పడింది. పొగ ఇంటి చెక్క గోడల మీద కిరసనాయిలు కుమ్మరించి, అంటించి, నడుచుకుంటూ వెళ్ళిపోయారు. వాళ్ళు చెట్లలో కలిసేసరికి మామ పంపు లాక్కొచ్చాడు. తలుపులు మూసి రమ్మని కొడుకుని లోపలికి తరిమాడు. నా మొగుడు వెళ్ళాడు. కప్పు దబ్బున కూలింది.

తల నుంచి మోకాళ్ళ దాకా మంటతో బయటికొచ్చాడు. నోరు తెరిచి ఉంది గానీ అరుపు లేదు. భుజం మీద అలాగే ఉండిపోయిన కావిడి దించి, రెండు బకెట్ల పాలూ అతని మీద కుమ్మరించాను. మంట చచ్చింది. పాలు ఒంటి మీద సలసలా కాగి, గడ్డకట్టి, పసుపుపచ్చ తోలులా అంటుకుపోయాయి. వెనక నుంచి మామ నా జుట్టు పట్టి తల తిప్పాడు.

"పదడుగుల్లో తొట్టి ఉన్నాది. కళ్ళు పోనాయేటే నీకు?"

చూశాను. షీట్లు కడిగే తొట్టి, అంచు దాకా నీళ్ళు. రోజూ కాళ్ళు కడుక్కునేది అందులో నీళ్ళతోనే.

ఆసుపత్రిలో కట్లు కట్టే డ్రెస్సరు ఆ రబ్బరు ఒలుస్తుంటే చర్మం కూడా ఊడొచ్చింది. కాళ్ళు కదలకుండా పట్టుకుంది నేనే. ఎందుకు పోసినావే అని ఒక్కసారి అరిచాడు, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ ఒక్క అరుపే నాకు ఏళ్ళ తరబడి అన్నం సయించకుండా చేసింది. నేను అతన్ని బతికించానా, పాడు చేశానా? అడిగే ధైర్యం లేకపోయింది.

దళంలో కొత్తవాళ్ళు చేరినప్పుడల్లా మామ కొడుకు చేత చొక్కా విప్పించి వీపు చూపించేవాడు. నీళ్ళ తొట్టి పదడుగుల్లో ఉండగా బుద్ధిలేని మనిషి పాలు పోస్తే ఇదీ గతి అనేవాడు. ఆ బుద్ధిలేని మనిషిని నేనే, బకెట్ పట్టుకుని ఆ వరసలోనే నిలబడి ఉండేదాన్ని. చేతిలో ఉన్నది పొయ్యమన్నదెవరు, కన్నకొడుకుని మంటల్లోకి తోలిందెవరు? ఉండబట్టలేక ఒకసారి మొహం మీదే అడిగేశాను. చెంప పగలగొట్టాడు. నోట్లోంచి రెండు పళ్ళు నేల మీద ఉమ్మాను. నా మొగుడు తల దించుకుని నిలబడ్డాడు. దెబ్బకి రాని ఏడుపు అది చూసి వచ్చింది.

మెర్డెకా, అంటే మలయాకి స్వతంత్రం, వచ్చేనాటికి మామకి నడుం పడిపోయింది. పంపుతో పాటు దళం పెత్తనం నా మొగుడి చేతికొచ్చింది. ఆ పొద్దున కూలీల లైను ఇళ్ళకి జెండాలు కట్టారు, రేడియోలో ఒకటే కేకలు. ఊరేగింపుకి టౌనుకి వెళ్ళే ముందు, కొత్తగా చేరినవాళ్ళని నా మొగుడు వరసలో నిలబెట్టాడు. మామని కుర్చీలో తెచ్చి వసారాలో కూర్చోబెట్టారు. నా మొగుడు ఎవరూ చెప్పకుండానే చొక్కా విప్పి వీపు తిప్పాడు. మళ్ళీ మొదలు అనుకుని నేల చూపులు చూశాను.

"మా అయ్య సెప్పినది నిజమే. తొట్టి పదడుగుల్లోనే ఉన్నాది," అన్నాడు. చెయ్యి నా వైపు చాపాడు. "ఆ పదడుగులూ ఇది ఎల్లుంటే, నానీపాటికి లేను."

నా మొగుడు చొక్కా తొడుక్కుని వచ్చి నా ముందు నిలబడ్డాడు. మంటలో అతుక్కుపోయిన ఆ చేతివేళ్ళతో బొత్తాలు లాగి విప్పగలడు గానీ పెట్టుకోలేడు. రోజూ ఇంట్లో పెట్టేదాన్ని, అందరి ముందూ అతను ఎప్పుడూ అడగలేదు. బకెట్ కింద పెట్టి బొత్తాలు పెట్టాను. వరసంతా నన్నే చూస్తుంటే తడబడి రెండో బొత్తాం మూడో కాజాలో దూర్చాను. అతను ఊరేగింపంతా ఆ చొక్కాతోనే నడిచాడు.