ఇరవై ఐదు మందికే డేటాబేస్

చిత్తూరు పక్కన మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో నేను స్టోర్సు గుమాస్తాగా ఉండేవాణ్ణి. కంప్యూటరు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మెషిన్లతో వచ్చిన పుస్తకాలు చదివి, తప్పులు చేసి, దిద్దుకుంటూ పట్టుకున్న విద్య. రెండు వేల సంవత్సరం దాటాక ఫ్యాక్టరీకి పెద్ద సాఫ్ట్‌వేరు వచ్చినప్పుడు, అందుకే దాని బాగోగులు నా నెత్తిన పడ్డాయి.

అది చేసేది మధ్యవర్తి పని. కాటా మీద లోడు బరువు, ల్యాబులో చూసిన తీపి శాతం, గేటు దగ్గర రాసుకున్న రైతు పేరు అన్నిటినీ ఒకచోటికి తెచ్చి కలిపేది. కలిపినదాన్ని దాచిపెట్టే డేటాబేస్ కూడా దాంతోపాటే వచ్చింది, సిల్వర్ గిన్నె కొంటే మూత ఇచ్చినట్టు. మూతకు వేరే లెక్క ఉంటుందని మాకెవరికీ తోచలేదు.

మూడో ఏడు, తోతాపురి ఇంకా పిందెగా ఉండగానే, చెన్నై ఏజెంటు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పాత వెర్షన్ సీజనుకు ముందే ఆగిపోతుంది. కొత్తదానితో వచ్చే డేటాబేస్‌ను ఇరవై ఐదు మందే వాడాలి. ఒక్కరు ఎక్కువైనా మొత్తం డేటాబేస్‌కు వేరే లైసెన్సు తీసుకోవాలి. మూడుసార్లు చదివి ఓనరు దగ్గరికి పోయాను.

"మనోళ్లు ఎంతమంది ఉండారప్పా దాంట్లో?"

"నలభై మూడు పేర్లు ఉండాయి సార్."

"నలభై మూడా! కాయలు కడిగేవాళ్లను గూడా ఎక్కించినావా ఏంది?" కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "కొత్త లైసెన్సు మాట ఈ ఏడు ఎత్తొద్దు. ఇరవై ఐదులోపలికి దించు. కాలేదంటే నగరి షెడ్డు తీసెయ్. ఆడ మేస్త్రీ చేత్తో చీటీలు రాసుకుంటాడు."

నగరిలో రైతుల దగ్గర కాయలు తూకం వేసి కొనే మా షెడ్డులో కంప్యూటరు ముందు కూర్చునేది ఒక నేత ఇంటి అమ్మాయి. మూడు సీజన్లు మా దగ్గర కత్తి పట్టుకుని కాయలు కోసింది. పని అయ్యాక పుత్తూరులో టైపు నేర్చుకుని, కిందటేడే ఆ కుర్చీ సంపాదించుకుంది. కంప్యూటరు పోతే మళ్లీ కత్తే. మరమగ్గాల మోతలో పెరిగింది కాబట్టి ఫోనులో అరిచినట్టే మాట్లాడేది. ఆ సాయంత్రమే ఫోను చేసింది.

"అన్నా, నా పేరు కొట్టేస్తా ఉండావంట, నిజమేనా?"

"ఎవురు చెప్పినారు పాపా?"

"డీజిలు పోసే ఆయన."

"నేనింకా లెక్కే మొదలుపెట్టలేదు గదా."

"అట్లయితే సరిగ్గా పెట్టు. నేను మళ్లా కత్తి పట్టుకున్నానంటే, నువ్వు మాత్రం ఆ పక్కకు రావద్దు!"

ల్యాబు ఇన్‌చార్జి ఒక ఉపాయం చెప్పాడు. "మధ్య సాఫ్ట్‌వేరు మనందర్నీ ఒకే వాకిట్లోనించి డేటాబేస్ లోపలికి పంపిస్తా ఉండాది గదప్పా. డేటాబేస్‌కు కనపడేది ఆ ఒక్కడే. లెక్క ఒకటే గదా?" నాకూ బాగా నచ్చింది. సగం దినం సంతోషంగా ఉన్నాను. ఉత్తరంతో వచ్చిన లైసెన్సు కాగితాల్లో ఏడో పేజీలో చిన్న అక్షరాలు చదివాక ఆ సంతోషం పోయింది. వాకిలిని కాదు, వాకిలి వెనక నిలబడిన వాళ్లను లెక్కపెట్టమని రాసి ఉంది. అంతేకాదు, మనిషి చెయ్యి పడకుండా తనంతట తాను వివరం పంపే మెషిన్ కూడా ఒక్కొక్కటి ఒక్కో తల. మాకు అట్లాంటి కాటాలు మూడు ఉన్నాయి. తగ్గించమంటే నలభై ఆరైంది.

జాబితా ప్రింటు తీసుకుని స్కేలు పెట్టి ఒక్కొక్క పేరే చూశాను. ఏడుగురు పని మానేసి పోయినవాళ్లు. ముప్పై తొమ్మిది. ఆ తరవాత ఒకే మనిషి రెండు మూడు పేర్లతో కనపడసాగాడు. ఎలక్ట్రీషియన్ ఒక్కడికే నాలుగు పేర్లు. పాస్‌వర్డు మరిచిపోయినప్పుడల్లా, నేను సెలవులో ఉండే రోజు చూసుకుని ల్యాబు ఇన్‌చార్జితో కొత్త పేరు పెట్టించుకున్నాడు.

"నన్ను అడగొచ్చు గదప్పా?"

"అడిగితే నువ్వు నవ్వుతావు."

"ఇప్పుడు నవ్వలేదా?"

"మూడుసార్లది ఒకేసారి నవ్వినావు. నాకు అదే మేలు."

అట్లాంటి అదనపు పేర్లు మొత్తం తొమ్మిది తేలాయి. ముప్పై.

ఇంకో నలుగురు ఒక్కసారి కూడా లోపలికి రానివాళ్లు. సాఫ్ట్‌వేరు మొదలైన రోజు తాంబూలం ఇచ్చినట్టు మర్యాదకు ఇచ్చిన పేర్లవి. ముగ్గురు నవ్వి ఊరుకున్నారు. క్యాంటీన్ కాంట్రాక్టరు మాత్రం, "పేరు తీసినాక నేను ఈడ ఉండేది ఎందుకు?" అని అలిగాడు. వారం రోజులు నాకు చక్కెర లేని టీ పోశాడు. తాగాను. ఇరవై ఆరు.

ఒకటి ఎక్కువ. మిగిలినవాళ్లందరూ రోజూ వాడేవాళ్లే. నిజానికి ఎక్కువైన పేరు ఏదో నాకు మొదటి నుంచీ తెలుసు, కాని స్కేలు దానిమీద ఆగకుండా జరిపేస్తూ వచ్చాను. జాబితాలో మొట్టమొదటి పేరు 'స్వామి'.

సాఫ్ట్‌వేరు పెట్టిన ఇంజనీరు మొదటి పేరు ఎవరిదని అడిగితే ఓనరు తడుముకోకుండా చెప్పిన పేరు అది. మా దిక్కున కొత్త పుస్తకం తెరిస్తే మొదటి గీత ఏడుకొండలవాడిదే. ప్రతి సీజనులో మొదటి లోడు ఆయన పేరుతోనే తూకం వేసి, ఆ కాయలు పండాక బుట్టల్లో అలిపిరికి పంపి, కొండ నడిచి ఎక్కేవాళ్లకు పంచేవాళ్లం. కంప్యూటరు వచ్చాక ఆ తూకం కూడా స్వామి పేరుతో లోపలికి పోయి ఎక్కించడం అలవాటైంది. మౌసు ఆ పేరు మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఓనరుతో చెప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"స్వామిని తీసేసేదా? నీకేమన్నా మతి పోయిందా అబ్బా? నగరిది తీసెయ్, పో!"

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఆ అమ్మాయికి ఫోను చేసి చెప్పాలి. నంబరు సగం నొక్కి, ఆపి, చెన్నై ఏజెంటుకు చేశాను. ఆయన తెలుగులో తమిళం పాలు ఎక్కువ.

"సార్, మాకు ఒక పేరుండాది. అది మనిషి కాదు, మెషినూ కాదు. యాడ చేర్చేది?"

"మనిషి కాదు, మెషిన్ కాదు. అప్పుడు ఏంది సార్?"

"దేవుడు."

"ఏ దేవుడు సార్?"

"ఏడుకొండలాయన."

"అయ్యయ్యో! ఆయన పాస్‌వర్డు ఎవురు కొడతారు సార్?"

"మా ఓనరే. ఏడాదికి ఒకసారి. ఇంకెవురికీ తెలీదు."

"ఓనరుకి వేరే పేరు ఉందా?"

"ఉండాది."

"రెండూ కలిపి ఒకటి వేసుకో సార్. మా కంపెనీ లెక్కపెట్టేది పేర్లు కాదు, మనుషులు."

ఎలక్ట్రీషియన్ విషయంలో నాకు తెలిసిన లెక్కే అది. నాలుగు పేర్లను ఒక్క మనిషని వెంటనే పట్టుకున్నవాణ్ణి, స్వామి పేరు చూడగానే ఆ సంగతే మరిచిపోయాను. ఇరవై మూడు పేర్లు, ఇరవై ఇద్దరు మనుషులు, మూడు కాటాలు. ఇరవై ఐదు. రెండోసారి కూడినా ఇరవై ఐదే. ఆ మాట కాగితం మీద రాసి పంపమన్నాను. ఏజెంటు పంపించాడు. కింద పెన్నుతో, దర్శనానికి వస్తే కొంచెం సాయం చెయ్యమని కూడా రాశాడు.

ఓనరు కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"నన్నూ స్వామినీ ఒకే తలకాయ కింద వేసినావా?"

"నేను కాదు సార్. కంపెనీ వేసింది."

ముందు చెంపలు వేసుకున్నాడు. ఆ తరవాత నవ్వు మొదలైంది. కుర్చీలో వెనక్కి వాలి, కడుపు పట్టుకుని నవ్వాడు. నెల రోజులు వచ్చినవాళ్లందరికీ ఆ కాగితం చూపించి టీ ఇప్పించాడు. నా టీలో చక్కెర కూడా వెనక్కి వచ్చింది.

కొత్త వెర్షన్ ఎక్కించడానికి నేనే బస్సులో నగరి పోయాను. షెడ్డు తెరిచిన రోజున ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడ్డాయి. మొదటిది కాటా మీదికి ఎక్కింది. తెర మీద అంకెలు కాసేపు ఊగి, నిలిచాయి. ప్రింటరు కరకరమంది. చీటీ చించి రైతు చేతిలో పెడుతూ, "సూసుకో నాయనా, ఇది నీ బరువు కాదు, కాయలది!" అని ఆ అమ్మాయి అరిస్తే వెనక ట్రాక్టర్ల వాళ్లందరూ నవ్వారు.

నేను కిటికీ దగ్గర నిలబడి ప్రతి చీటీలో అంకెలు సరిపోయాయా లేదా అని తొంగి చూస్తున్నాను. నాలుగు లోడ్లు ఓర్చుకుంది.

"అన్నా, కొంచెం పక్కకు జరుగు. వెలుతురుకు అడ్డం ఉండావు," అంది, తెర మీదనుంచి చూపు తిప్పకుండా.

జరిగాను. ఐదో ట్రాక్టరు కాటా ఎక్కింది.