సేఠ్ తల మీద నా ప్రమోషన్

ఆ రోజుల్లో ప్రమోషన్ అంటే మెరిట్‌తో వస్తుందని నమ్మేవాణ్ణి. సూరత్ పక్కన సచిన్ అనే ఊళ్ళో ఒక బట్టల మిల్లుకి వెల్ఫేర్ ఆఫీసర్ని. క్యాంటీను, మరుగుదొడ్లు, బోనసు గొడవలు నా సామ్రాజ్యం. అక్కడి నుంచి హెచ్.ఆర్. అసిస్టెంట్ మేనేజర్ కుర్చీ ఎలా ఎక్కాలో కాలేజీలో ఏ మాస్టారూ చెప్పలేదు. కరోనా కాలంలో ఆ కుర్చీ ఖాళీ అయింది. ఎవరికివ్వాలో ఆ వారమే తేలుస్తానన్నాడు మిల్లు యజమాని సేఠ్. పోటీలో ఉన్నది హాజరు చూసే టైమ్ ఆఫీసు అతను (సేఠ్ భార్య వైపు చుట్టం). నాకు అన్నం సహించడం మానేసింది.

అప్పుడు లాక్‌డౌన్ వల్ల కార్మికులూ నేనూ మిల్లు లోపలే ఉండేవాళ్ళం. మంగలి షాపులు మూసేశారు, అందరి జుట్టూ చెవులు దాటింది. ఇదీ సంక్షేమమే కదా అని ట్రిమ్మర్ తెప్పించి, ఫోన్‌లో చూసి నేర్చుకుని, సాంచాల (మరమగ్గాల) షెడ్డు వెనక స్టూలు వేశాను. "జర మెల్లగ సారూ, నెత్తి నాది" అనేవాడు సిరిసిల్ల నుంచి వచ్చిన మా మేస్త్రి. తల వంచగానే మనుషులు నోరు విప్పేవారు. ఇంటి దగ్గర అమ్మకు బాగాలేదని ఒకరు, పిల్ల మొహం చూసి ఎన్నాళ్ళో అయిందని ఒకరు. వినడం నాకు బాగానే వచ్చింది, కత్తిరించడమే రాలేదు.

ఈ సంగతి సేఠ్ దాకా వెళ్ళింది. "బేటా, ఇంకాసేపట్లో ఢిల్లీ బయ్యర్‌తో వీడియో కాల్. ఈ జుట్టుతో కనిపిస్తే దివాలా తీశాననుకుంటాడు. కాస్త నువ్వే చెయ్యి" అన్నాడు. సేఠ్ గది గుమ్మం దగ్గర మేస్త్రి నా చెవిలో, "సారూ, నీ ప్రమోషన్ ఇగ ఆయన నెత్తి మీదనే ఉన్నది. చెయ్యి వణకనియ్యకు" అన్నాడు. అప్పటిదాకా వణకలేదు.

సేఠ్ కూడా తల వంచగానే అందరిలాంటి మనిషైపోయాడు. "ఈ ఆర్డర్ పోతే మిల్లు నడపలేను బేటా. భయంగా ఉంది" అన్నాడు. ఆ మాటకి నా గుండె ఆగింది, ట్రిమ్మర్ మాత్రం ఆగలేదు. తల వెనక అరచేయంత మేర నున్నగా తేలింది. చెబుదామని నోరు తెరిచేలోగా కాల్ మోగింది. ముందు నుంచి చూస్తే పెళ్ళికొడుకులా ఉన్నాడు, వెనక్కి తిరగకపోతే చాలు. బయ్యర్ ధర దగ్గర మొండికేశాడు. చివరికి, "ఆ నీలం రకం చూపించండి" అన్నాడు. ఆ తాను సేఠ్ వెనక బీరువాలో ఉంది. "నేను తీస్తా సాబ్!" అని ఉరికాను. "నువ్వుండు" అని సేఠ్ లేచి వెనక్కి తిరిగాడు.

బయ్యర్ తెరకి దగ్గరగా మొహం పెట్టి చూశాడు. తర్వాత బయ్యర్ పగలబడి నవ్వాడు. "మీకూ ఇంట్లోనే చేశారా?" అంటూ తన తల తిప్పి చూపించాడు. వాళ్ళావిడ నాకంటే ఘోరంగా కత్తిరించింది. సేఠ్ తల తడుముకుని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కలలోకి వస్తుంది. కానీ ఆ తర్వాత ఇద్దరూ ధర మరిచిపోయి ఇళ్ళ సంగతులు, భయాలు చెప్పుకున్నారు. ఆర్డర్ ఖాయమైంది. "కుర్చీ నీదే. ఇకమీదట ఎవరి తలా ముట్టుకోకు" అన్నాడు సేఠ్.

ముట్టుకోలేదు. ఇప్పుడు సూరత్‌కి అవతలి వైపు కామ్‌రేజ్‌లో సేఠ్ కట్టిన కొత్త మిల్లుకి మేనేజర్ని. ఈ ఉద్యోగంలో ఎలా ఎదగాలని కొత్తవాళ్ళు అడిగితే, కార్మిక చట్టాలు చదవండి, డిప్లొమా చెయ్యండి అని పెద్దమనిషిలా చెబుతాను. మేస్త్రి కూడా ఇక్కడే. నా గదికి వస్తే కుర్చీ అంచున కూర్చుని, "అంత మంచిదే సారూ" అంటాడు, ఆ స్టూలు మీద చెప్పినట్టు ఇంకేమీ చెప్పడు. ఈ కుర్చీ కోసం అంత వణికిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడి మీద కాస్త అసూయ కూడా. ఆ ట్రిమ్మర్ నా సొరుగులోనే ఉంది. అప్పుడప్పుడు ఛార్జింగ్ పెడుతుంటాను.