నున్నబడిన కుక్రీ

ఎనభైల మొదట్లో, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని మా వర్క్‌షాపు ఫోర్‌మన్ ఏ ఇనుమునైనా బొటనవేలితో తడిమి, "సాపు జెయ్యాలె" అనేవాడు. నున్నగా ఉన్నదే పనితనమని ఆ బుర్రకి ఎవరు ఎక్కించారో!

ఒకసారి నేపాలీ వాచ్‌మన్ తన కుక్రీని తెచ్చిచ్చి, ఊగుతున్న పిడి బిగించమన్నాడు. చనిపోయిన తండ్రి స్వయంగా కొట్టిన కత్తి అది. వాళ్ల వైపు కమ్మరి కమ్మరికీ కత్తి వంపు వేరు, వదిలే గుర్తు వేరు. ఆ తండ్రి కత్తి వీపున సుత్తి దెబ్బలను చెరపకుండా ఉంచేవాడట.

ఫోర్‌మన్ పిడి బిగించి, అడగకుండానే గ్రైండర్ పట్టాడు.

"దేఖో భాయ్, అద్దం లెక్కుంది!"

వాచ్‌మన్ కత్తి వీపును వేళ్లతో చాలాసేపు తడిమాడు. "ఇందులో మా నాన్న లేడు సాబ్," అన్నాడు హిందీలో.

ఫోర్‌మన్ నెలంతా నా దగ్గర ఒకటే గొణుగుడు: "అంత మంచిగ జేసిస్తె షుక్రియా గూడ అనలేదన్నా, ఆ గూర్ఖాగాడు!"