డెఫినెట్లీ అంటే రాదని అర్థం

చెన్నైలో ఉద్యోగానికి చేరిన కొత్తలో షూర్ అనే మాటను నేను నమ్మేవాణ్ణి. గుంటూరు వాణ్ణి, షూర్ అంటే షూరే అనుకున్నాను.

ఆఫీసులో నా పక్క సీటు ఆమెది. వాషర్‌మెన్‌పేట్‌లో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళ పిల్ల. ఇంటి భాష తెలుగే అయినా ఆమె మాట్లాడేది తమిళం, దానికి ఇంగ్లీషు తాలింపు. నా తమిళం ఆటోవాళ్ళతో పోట్లాడటానికి కూడా చాలదు కాబట్టి ఇద్దరం ఇంగ్లీషుతోనే నెట్టుకొచ్చేవాళ్ళం. చేరిన కొన్నాళ్ళకే ఆమె మీద మనసు పారేసుకున్నాను. ఆమె మనసులో ఏముందో తెలుసుకుందామంటే ఆ ఇంగ్లీషే అడ్డమొచ్చేది.

మధ్యాహ్నం కలిసి తిందామా అంటే "షూర్" అనేది. నేను క్యాంటీన్‌లో రెండు ప్లేట్లు ముందు పెట్టుకుని కూర్చుంటే, ఆమె ఇంకెవరితోనో టీకి పోయేది. సినిమాకు "డెఫినెట్లీ" అంది. పక్క సీట్లో నా హెల్మెట్ కూర్చుని సినిమా అంతా చూసింది. నా పుట్టినరోజుకు "హండ్రెడ్ పర్సెంట్" అంది. ఆ రోజు ఫోన్ కూడా లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పోనీ నేనంటే ఇష్టం లేదేమో అని సరిపెట్టుకుందామా అంటే, ఒక ఆదివారం బీచ్‌కు పిలిచినప్పుడు "పాప్పోం", అంటే చూద్దాంలే, అని మొహం తిప్పుకున్న మనిషి నాకంటే ముందే వచ్చి ఇసుకలో కూర్చుని సుండల్ గుగ్గిళ్ళు తింటోంది.

ఈ తిరకాసు వాళ్ళింట్లో విడిపోయింది. వాళ్ళ అవ్వ ఒక సెలవు రోజు నన్ను భోజనానికి పిలిచింది. నేను వెళ్ళేసరికి నీళ్ళ మోటారు చెడిపోయి ఉంది. అవ్వ మెకానిక్‌కు ఫోన్ చేస్తే, అవతలి నుంచి "కన్‌ఫర్మ్ మా!" అని గట్టిగా వినిపించింది. అవ్వ ఫోన్ పెట్టేసి మనవరాలి వైపు తిరిగింది.

"ఏమ్మే, వీధి పంపు కాడ రెండు బిందెలు పట్టకరా. వాడు రాడు."

"వస్తానన్నాడు కదవ్వా?" అన్నాను.

"ఇంగిలీసులో గదా అన్నాడు నాయనా! వచ్చేవాడు వస్తా అంటాడు. రానోడికే ఇంగిలీసు కావాల. మా ఇంట్లో కూడా అంతే, దీన్ని చూడు" అంది అవ్వ, బిందె తీసుకుంటున్న మనవరాలిని చూపించి.

నవ్వి నవ్వి నాకు పొలమారింది. బండెక్కి ఇంటికి వస్తుంటే మాత్రం ఆ నవ్వు ఎటో పోయింది. ఎందుకంటే ఆ వారంలోనే ఆమెను పెళ్ళి మాట అడగాలనుకుంటున్నాను.

నేను అడిగింది ఆఫీసు మెట్ల మీద. ఇంతకంటే మంచి చోటు దొరకలేదు.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"అబ్సల్యూట్లీ!" అంది కళ్ళు పెద్దవి చేసి.

నా ప్రాణం ఉసూరుమంది. ఇంత పెద్ద మాట ఆమె నా దగ్గర అంతకుముందు ఎప్పుడూ వాడలేదు.

"అది వద్దు. తెలుగులో చెప్పు."

"ఎందుకు?"

"మీ అవ్వ మాట మర్చిపోయావా?"

పకపకా నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆ నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"నాకు ఇట్టాంటివి తెలుగులో రావు. అన్నం తిన్నావా, నీళ్ళు పట్టినావా, అంతవరకే వచ్చు. అవ్వతో ఇంకేం మాట్లాడతా?"

పోనీ తమిళంలో అయినా చెప్పమని బతిమాలుదామనుకున్నాను. అంత భయం వేసింది నాకు. ఆమె మెట్టు మీద కూర్చుని, చెప్పుల వైపు చూస్తూ, పెదాలు కదుపుతూ చాలాసేపు మాటలు వెతుక్కుంది. తర్వాత తలెత్తింది.

"నువ్వు ఏడుంటే నేనూ ఆడ్నే ఉంటా. చాలునా?"

నేనూ వెళ్ళి ఆ మెట్టు మీదే ఆమె పక్కన కూర్చున్నాను.