నల్ల అట్ట మీద తెల్ల అక్షరాలు

టీవీలో సినిమా పది నిమిషాలు, ప్రకటనలు పదిహేను నిమిషాలు. సబ్బు, పళ్ళపొడి, మళ్ళీ అదే సబ్బు. చూస్తే ఒళ్ళు మండేది. ఆ మంటతోనే నేను ఇంట్లో సొంతంగా ఒక రికార్డర్ తయారుచేశాను.

అప్పుడు మేం ఫిల్మ్ నగర్‌లో ఒక ఇంటి పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. నాకు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మ పాతికేళ్ళు డబ్బింగ్ చెప్పింది. తెలుగు రాని హీరోయిన్లు ఎందరో ఏడ్చినా నవ్వినా ఆ గొంతు మా అమ్మదే. టైటిల్స్‌లో లైట్లు అద్దెకిచ్చినవాళ్ళ పేరు కూడా పడేది గానీ, గొంతిచ్చిన మనిషి పేరు వెయ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుకుతాను. ఒకే ఒక్క నిర్మాత, ఒకే ఒక్క సినిమాలో అమ్మ పేరు వేయించాడు. అది వారం కూడా ఆడలేదు. ఆ వారమంతా అమ్మ ఇంకో సినిమాకి గొంతిస్తూ స్టూడియోలోనే ఉండిపోయింది. తెర మీద తన పేరు తను చూసుకోనేలేదు.

ఇన్నేళ్ళకి ఆ సినిమా ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో వస్తుందని తెలిసింది.

పాత కంప్యూటర్, కేబుల్‌లో వచ్చే బొమ్మని దాన్లోకి లాక్కునే ఒక టీవీ కార్డు, ఉచితంగా దొరికిన మీడియా సెంటర్ సాఫ్ట్‌వేర్. దాన్ని దారికి తేవడానికి వారం పట్టింది. దానికి అమెరికా చానెళ్ళన్నీ తెలుసు, మనది ఒక్కటీ తెలియదు. అన్నీ వెతికి నా చేత్తో ఎక్కించాను. బొమ్మ వస్తే మాట రాదు, మాట వస్తే బొమ్మ రాదు. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను.

అన్నిటికంటే నేను గర్వపడింది ప్రకటనల కత్తిరింపు చూసుకుని. రెండు ప్రకటనల మధ్య తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. ఆ నలుపుని పసిగట్టి సాఫ్ట్‌వేర్ ప్రకటనల్ని కోసేస్తుంది. డిస్కులో చోటు చాలదని, కోత అవగానే అసలు రికార్డింగుని చెరిపెయ్యమని కూడా పెట్టాను.

ఆదివారం వచ్చింది. కేబుల్‌ని రెండుగా చీలిస్తే బొమ్మంతా చుక్కలు. అందుకని టీవీ నుంచి పీకి కంప్యూటర్‌కి పెట్టాను. రికార్డు చేస్తూనే చూపించే సత్తా ఆ ముసలి యంత్రానికి లేదు. కింది వాటాలోని ఇంటావిడ మెట్ల దగ్గర్నుంచి పిలిచింది.

"అమ్మా, మా ఇంట్ల జూద్దం రాండ్రి. సినిమా షురువైతది."

అమ్మ లేచింది. నేనే ఆపాను.

"ఆ ప్రకటనల మధ్య ఏం చూస్తావమ్మా? సాయంత్రం నీ సినిమా నీకు శుభ్రంగా చూపిస్తాను."

"సర్లేవే," అని కూర్చుంది.

సాయంత్రం చీర మార్చుకుని మరీ టీవీ ముందు కూర్చుంది. కంప్యూటర్‌ని టీవీకి కలిపాను. సినిమా వంతెన మీద పోతున్న బస్సుతో మొదలైంది.

"పేర్లేవే? వెనక్కి తిప్పు," అంది అమ్మ.

తిప్పాను. వెనక ఏముంది, నా బొంద! పాత సినిమా. టైటిల్స్ అన్నీ నల్ల అట్ట మీద తెల్ల అక్షరాలు. అంత నలుపు చూసి సాఫ్ట్‌వేర్ అదంతా ప్రకటనే అనుకుని కోసిపారేసింది. అసలు రికార్డింగుని నేను చెప్పినట్టే చెరిపేసింది. సబ్బు ప్రకటన మాత్రం ఒకటి చెక్కుచెదరకుండా మిగిలింది.

టీవీ కట్టేసి కీబోర్డు గోడకేసి కొట్టాను. సాఫ్ట్‌వేర్ రాసినవాణ్ణి తిట్టాను, చానెల్‌వాళ్ళని తిట్టాను, సబ్బునీ తిట్టాను. తిట్టాల్సినవాళ్ళందరూ అయిపోయాక నేనే మిగిలాను. టీవీ తీగ పీకింది నేను. చూడ్డానికి వెళ్ళబోయిన మనిషిని ఆపింది నేను.

అంతలో ఇంటావిడ పైకొచ్చింది.

"జూసిన్రా? మీ పేరు ఎంత మంచిగ పడ్డదమ్మా!"

అమ్మ నావైపు చూడలేదు.

"నా ఒక్కదాని పేరేనా అండీ? ఇంకెవరితోనైనా కలిపి వేశారా?"

"ఒక్కటే. పెద్దగ, నడిమిట్ల."

"నడిమిట్ల అంటే ఎక్కడండీ?"

ఇంటావిడ కట్టేసిన టీవీ దగ్గరికి వెళ్ళి అద్దం మీద వేలు పెట్టింది.

"ఇగో, గీడ."

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, దగ్గరికి వంగి, ఆ వేలు పెట్టిన చోటు చూసింది.