ట్రక్కుకు నేనిచ్చిన చక్రాలు

నిన్న సైకిల్ షాపులో గ్రీజు వాసన తగలగానే జురాంగ్ వెస్ట్‌లోని మా పాత ఫ్లాట్ గుర్తొచ్చింది. హాల్లో పేపర్లు పరుచుకుని, నాన్న తన రిమోట్‌తో నడిచే బొమ్మ పికప్ ట్రక్కును విప్పుతూ కూర్చునేవారు.

నాకప్పుడు ఆరేళ్లు. ఆ ట్రక్కు మా బ్లాక్ వెనకున్న గడ్డి దిబ్బను సగం ఎక్కి, వెనక్కి జారిపోయేది.

“ఇది టూ వీల్ డ్రైవ్ అమ్మలూ. ముందు ఇరుసు మార్చేసి ఫోర్ వీల్ చేసేద్దాం,” అన్నారు నాన్న.

పాపం, నాన్నకు చక్రాలు తక్కువయ్యాయనుకున్నాను. గదిలోకి వెళ్లి, నా బొమ్మల బండికున్న రెండు చక్రాలు పీకి తెచ్చాను.

“టూ ప్లస్ టూ ఫోర్ లా!” అన్నాను, అక్కడివాళ్లలాగే మాట చివర ‘లా’ తగిలించి. “తీసుకో నాన్నా.”

వంటింట్లోంచి అమ్మ వచ్చి, “బండి విరగ్గొట్టేశావా?” అంది.

“లేదు, నాకు హెల్ప్ చేస్తోంది,” అన్నారు నాన్న. ముందు చక్రాలు రెంటినీ కలుపుతూ ఒకే గట్టి ఇరుసు బిగించి, మోటారు బలం వాటికీ అందేలా చేశారు. నా చక్రాలను వెనక ట్రేలో టేపుతో అంటించారు.

ఆ సాయంత్రం ట్రక్కు దిబ్బ పైదాకా ఎక్కేసింది! “నా వీల్సే!” అని కింద కనబడిన ప్రతి అంకుల్‌కీ చెప్పాను.

“అవును, మా అమ్మాయివే,” అని నాన్న అందరి ముందూ ఒప్పుకున్నారు.

ఇరుసు చేసే పనేమిటో పాలిటెక్నిక్‌లో చదువుకున్నాక గానీ నాకు తెలియలేదు. నేనిచ్చిన చక్రాలు ట్రక్కుకు అదనపు బరువు మాత్రమే. నాన్న ఆ బరువును కూడా దిబ్బ ఎక్కించారు.